పాట ఎవరి గొంతుకు కట్టాలి?



ఈ మధ్య మన సంఘంలో ప్రసంగం గురించి కన్నా పాటల గురించే ఎక్కువ మాటలు నడుస్తున్నాయి. "అయ్యగారూ, ఆ మోతలో మా పాట మాకే వినబడట్లేదండి" అని అమ్మలు అంటున్నారు. "ఎప్పుడూ ఆ లాగుడేనా అయ్యగారూ, పక్క ఊళ్ళో ఎంత బాగా వాయిస్తున్నారో ఒకసారి వచ్చి చూడండి" అని తమ్ముళ్ళు అంటున్నారు. రెండు వైపులా విన్నాం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అలాగని ఇద్దరూ సమానమే అని చెప్పి తప్పించుకోవడం మాకు ఇష్టం లేదు. పనుల కోసం హైదరాబాదులోనూ, గల్ఫ్‌లోనూ ఉంటూ ఫోనులో ఇది చదివే మన సంఘ బిడ్డలు కూడా అక్కడి కూడికల్లో ఇదే గొడవ ఉందని చెబుతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సంఘంలో పాటకు వాద్యం కట్టేవాడు మొదట వినవలసింది చాప మీద కూర్చున్న మనిషి గొంతు. ఆ గొంతుకు సరిపోయాకే మిగతా అలంకారమంతా.

పాట కట్టడం అనేది చిన్న పని అని ఎవరూ అనుకోకండి. కీర్తనల గ్రంథం తెరిస్తే చాలా కీర్తనల పైన చిన్న శీర్షిక ఉంటుంది, మనం దాన్ని దాటేసి మొదటి వచనంలోకి వెళ్ళిపోతాం. 150 కీర్తనల్లో 55 కీర్తనలను ప్రధానగాయకునికి అప్పగించినట్టు ఆ శీర్షికల్లో ఉంది. 4వ కీర్తనకు తంతివాద్యాలు అని ఉంది, 5వ కీర్తనకు పిల్లనగ్రోవి. 57, 58, 59, 75 కీర్తనల పైన ఒకే రాగం పేరు కనబడుతుంది. నాలుగు వేరువేరు ప్రార్థనలు, వరస మాత్రం ఒకటే. జనానికి ముందే తెలిసిన వరసలో పెడితే వాళ్ళు తొందరగా అందుకుంటారని చేసిన పనేమో అని మాకు తోస్తుంది. ఇక 'సెలా' అనే మాట కీర్తనల్లో 71 సార్లు వస్తుంది. దాని అర్థం మీద పండితులకు ఏకాభిప్రాయం లేకపోయినా, పాటలో ఒక విరామమో, వాద్యాలు మోగే చోటో అని చాలామంది చెబుతారు. అంటే ఎక్కడ పాడాలి, ఎక్కడ ఆగాలి, ఏ వాద్యం మోగాలి అన్న ఆలోచన దేవుని మందిరంలో మొదటి నుండీ ఉంది.

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో కెనన్యా అనే లేవీయుడు కనిపిస్తాడు. అతణ్ణి పాట నేర్పే పనికి పెట్టింది ఎందుకంటే, అతనికి ఆ పని వచ్చు గనుక. అంతే కారణం. 25వ అధ్యాయంలో నేర్పు గల పాటగాళ్ళు 288 మంది అని లెక్క రాసి ఉంది. వాళ్ళు తమ వంతుల కోసం చీట్లు వేసుకున్నప్పుడు పిన్న పెద్ద తేడా గానీ, గురువు శిష్యుడు తేడా గానీ చూసుకోలేదు. ఈ ఒక్క వచనం మన పెద్దలూ మన కుర్రవాళ్ళూ కలిసి కూర్చుని చదివితే సగం గొడవ తీరిపోతుంది. "ప్రార్థన చేసుకుంటే చాలు, ప్రాక్టీసు ఎందుకు" అనేవాళ్ళు మన మధ్య కొందరున్నారు. వాళ్ళకు కూడా ఈ అధ్యాయమే జవాబు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మన తమ్ముళ్ళు పాట ఎలా నేర్చుకుంటున్నారు? ఫోనులో వింటారు. ఇంట్రో ఎలా ఉంది, బిట్ ఎలా ఉంది, ఎక్కడ కట్ పడింది, రిథమ్ ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైంది అని పది ఇరవై సార్లు విని, అచ్చం అలాగే వాయించడానికి చూస్తారు. ఆ శ్రమను మేము తక్కువ చేయం. పొలం పని చేసి, డిగ్రీ కాలేజీకి వెళ్ళి వచ్చి, రాత్రి పదింటికి హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చునే పిల్లలు వాళ్ళు. అయితే ఆ రికార్డు ఎవరి కోసం తయారైంది? స్టూడియోలో ఒక్క గాయకుడి గొంతును కొలిచి, ఆ గొంతు బాగా మెరిసే శ్రుతి చూసి కట్టారు. ఆయన తప్పు పాడితే ఆ ముక్క మళ్ళీ పాడించారు. ఊపిరి అందని చోట ఆపి, తర్వాత కలిపారు. వినేవాళ్ళకు విసుగు రాకూడదని చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు, ఫ్లూటు పెట్టారు. అది వినడానికి చేసిన వస్తువు, ఆ పనికి బాగానే ఉంది. దాన్ని తెచ్చి, ఆదివారం ఉదయం డెబ్భై మంది కలిసి పాడే చోట యథాతథంగా పెడితే ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. డెబ్భై మందీ ప్రేక్షకులవుతారు.

ముందు శ్రుతి సంగతి. మన వాళ్ళు స్కేలు అంటారు. ఒక గాయకుడు జి స్కేలులో పాడిన పాట అనుకోండి. పల్లవి కింద పంచమం దగ్గర మొదలై, చరణంలో పై షడ్జమం దాకా వెళ్తుంది. మగవాళ్ళలో పై స్థాయి గొంతు ఉన్న ఆయనకు అది హాయిగానే ఉంటుంది. మన సంఘంలో ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళు అదే పాటను తమ స్థాయిలో పాడబోతే చరణంలో పై జి దాకా ఎక్కాలి. శిక్షణ పొందిన గాయనికి సాధ్యమే గానీ, వారమంతా నాట్లు వేసి వచ్చిన అక్కకు సాధ్యం కాదు. అక్కడ రెండే దారులు. గొంతు చించుకుని అరవాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. మొదటివారం అరుస్తారు, రెండోవారం మూసుకుంటారు.

అదే పాటను డి స్కేలుకు దించితే? కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, మైనస్ ఐదు నొక్కితే చాలు, వేళ్ళు మార్చుకోనక్కర్లేదు. అప్పుడు కింద పంచమం ఎ దగ్గర, పై షడ్జమం డి దగ్గర పడతాయి. మామూలు ఆడవాళ్ళ గొంతుకు ఈ మేర సుఖంగా ఉంటుంది. మగవాళ్ళు దానికి ఒక స్థాయి కింద పాడుకుంటారు. ఐదు మెట్లు దించితే పాట మెరుపు తగ్గుతుందని తమ్ముళ్ళ ఫిర్యాదు. నిజమే, ఒక్క గొంతు పాడితే తగ్గుతుంది. డెబ్భై గొంతులు కలిస్తే తగ్గదు. మరీ కిందికి దించినా చిక్కే, మగవాళ్ళ గొంతు గరగరమంటుంది, పల్లవి ఎవరికీ వినబడదు. అందుకే శ్రుతి పెట్టేవాళ్ళు పల్లవి పాడి చూసి సరిపోయిందనుకోకూడదు. ముందు చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్ళే ముక్క పాడి చూడాలి. తర్వాత అన్నిటికన్నా కిందికి దిగే ముక్క. ఈ రెండూ మామ్మలకు అందితే, పల్లవి అదే అందుతుంది. ఇంకో మాట. ఈస్టరు నాడు వేకువన నాలుగున్నరకు ఎవరి గొంతూ లేవదు. పది గంటల ఆరాధనలో పాడిన శ్రుతికి అరమెట్టో, ఒక మెట్టో దించుకోవాలి. పాత రోజుల్లో హార్మోనియం వాయించిన పెద్దలు ఇది అడక్కుండానే చేసేవారు.

రెండోది తాళం. దీని గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే ఇందులో మనం పోగొట్టుకుంటున్నది మనకు తెలియకుండానే పోతోంది.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడండి. పాత కీర్తనల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. అవి అలంకారానికి వేసినవి కావు. 1803లో పుట్టి 1890లో ప్రభువు దగ్గరకు వెళ్ళిన పురుషోత్తమ చౌదరి గారి వంటివారు బ్రాహ్మణ కుటుంబాల నుండి వచ్చి, సంస్కృతమూ తెలుగు ఛందస్సూ ఎరిగి, ఈ నేల రాగాల్లో, ఈ నేల తాళాల్లో ప్రభువును పాడారు. ఇంగ్లీషు వరసకు తెలుగు మాటలు అతికించే పని కూడా ఆ రోజుల్లో జరిగింది. అలాంటి పాటలు కూడా మన పుస్తకంలో ఉన్నాయి, మనం ప్రేమగా పాడుకుంటాం. కానీ తెలుగు మాట నడకకు తెలుగు తాళం కట్టిన పాట నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో, చదువు రాని మామ్మ ఎనిమిది చరణాలు పుస్తకం చూడకుండా పాడేటప్పుడు తెలుస్తుంది.

ఆ పాత పాటల్లో కొన్ని ఏడు లెక్కలో నడుస్తాయి. మూడు, నాలుగు. తకిట, తకధిమి. చేత్తో తట్టి చూడండి, కొంచెం కుంటుతున్నట్టు, అయినా ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది. దుఃఖపు పాటలకు ఆ నడక ఎంత బాగుంటుందో చెప్పలేం. ఇప్పుడు కీబోర్డులో మామూలుగా దొరికే స్టైళ్ళు ఎక్కువగా నాలుగు, మూడు, ఆరు లెక్కలవి. ఏడు లెక్కది దొరికినా, దాంతో వాయించడం కష్టం గనుక తమ్ముళ్ళు దాని జోలికి వెళ్ళరు. ఏం చేస్తారు? ఏడు లెక్కల పాటను ఎనిమిదిలోకి నెడతారు. అదనంగా వచ్చిన ఆ ఒక్క లెక్కను నింపడానికి చివరి అక్షరం సాగదీయాలి. ఇక మామ్మ తనకు తెలిసినట్టు ఏడుకు వచ్చేస్తుంది, రిథమ్ ఎనిమిదికి వస్తుంది. రెండో చరణానికల్లా ఎవరి దారి వారిది. అప్పుడు కీబోర్డు దగ్గర నుండి ఒక చూపు వస్తుంది మామ్మల వైపు, వీళ్ళకు తాళం రాదు అన్నట్టు. తమ్ముళ్ళారా, ఆ చూపు మాకు కనబడింది గనుక చెబుతున్నాం. తాళం తప్పింది ఆమె కాదు. ఆమె పాడుతున్నది పుస్తకంలో పైన అచ్చువేసి ఉన్న తాళమే.

ఇలాంటి పాటకు స్టైలు ఆపేయండి. డోలక్ మీద చేత్తో వేయండి, లేదా తాళాలు ఒక్కటే చాలు. కీబోర్డు కింద ఒక నిలువు స్వరం పట్టుకుని ఉండనివ్వండి. కార్డులు వేయాలనుకుంటే రాగం చూసి వేయండి. మోహనంలో ఉన్న పాటలో మధ్యమం లేదు. సి స్కేలులో ఆ పాటకు అలవాటుగా ఎఫ్ కార్డు వేస్తే, పాటలో లేని మధ్యమం కిందినుండి వచ్చి చేరుతుంది. పాప మేమీ కాదు, కొన్నిసార్లు బాగుంటుంది కూడా. కానీ తెలిసి వేయడం వేరు, వేళ్ళకు అలవాటై పడటం వేరు.

ఇంత రాశాం గనుక మేము కీబోర్డుకు విరోధులమని పెద్దలు సంతోషపడవద్దు. మీరు "మన సొంత వాద్యం" అని గొప్పగా చెప్పుకునే హార్మోనియం మాత్రం ఎక్కడిది? 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టింది. కలకత్తాలో దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొడుతూ వాయించేలా మార్చారు. మన గమకాలు దాని మీద పలకవని చెప్పి 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధిస్తే, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. రేడియోలో పనికిరాదన్న ఆ ముప్పై ఏళ్ళలోనూ మన పల్లె గుళ్ళలో, భజన మందిరాల్లో, నాటకాల్లో అది మోగుతూనే ఉంది. కాబట్టి పరాయి వాద్యం అన్న మాట ఇక్కడ నిలవదు.

డప్పు సంగతి ఇంకా లోతైనది. మన తాతల కాలంలో ప్రభువును నమ్ముకున్నవాళ్ళు, జాతరలకు ఇక డప్పు కొట్టము అని నిలబడినందుకు పనులు పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు. అందుకే వాళ్ళు డప్పును గుడి గడప దాటనివ్వలేదు. అది వాళ్ళకు వాద్యం కాదు, ఊరు వేసిన సంకెల. వాళ్ళ బాధను మనం గౌరవించాలి. కానీ ఈ రోజు మన ప్యాడ్స్ మీద రెండో నంబరు గడి కొడితే వచ్చేది డప్పు శబ్దమే కదా! పెట్టెలోనుండి వస్తే ఆరాధన, తోలు మీదనుండి వస్తే అవమానం అని ఎలా అనగలం? దీని మీద మా మనసులో ఒక నిర్ణయం ఉంది గానీ, అది సంఘం కూర్చుని మాట్లాడవలసిన విషయం, ఇక్కడ ఒక్క పేరాలో తేల్చేది కాదు.

మూడోది, పాట ఎవరు ఎప్పుడు పాడాలి అన్నది. నిర్గమకాండము 15వ అధ్యాయంలో మిర్యాము తంబుర పట్టుకుని పాట అందిస్తే స్త్రీలందరూ ఆమె వెంట వెళ్ళారు. 136వ కీర్తనలో ప్రతి వచనం రెండో సగం ఒకటే, 26 సార్లు వస్తుంది. ముందు సగం ఒకరు చెబితే వెనక సగం జనమంతా పలికేలా కట్టిన పాట అది. చదువు రానివాడు కూడా మొదటి రెండు వచనాలకే నేర్చేసుకుంటాడు. మన పల్లెల్లో భజన కూడా ఇలాగే కదా నడిచేది. ఒకరు అందిస్తే అందరూ అందుకోవడం. ఈ పద్ధతి మనకు రక్తంలో ఉంది, దాన్ని వదిలేసి స్క్రీను మీద అక్షరాలు వేస్తున్నాం. స్క్రీను మంచిదే. కానీ మన ఆరాధనకు వచ్చేవారిలో అక్షరాలు పోల్చలేనివారు, చూపు ఆననివారు ఎంతమందో ముందు వరసలో ఉన్నవాళ్ళను అడిగితే తెలుస్తుంది. కొత్త పాట నేర్పేటప్పుడు నాలుగు వారాలపాటు ఒక్కొక్క చరణం అందించి పాడించండి. ఒక్క ఆదివారమే నాలుగు కొత్త పాటలు వద్దు.

చరణాల మధ్య బిట్ గురించి. రికార్డులో పదహారు లెక్కలో, ముప్పై రెండు లెక్కలో ఉన్న బిట్ మొత్తం వాయించవలసిన పని లేదు. ఊపిరి తీసుకునేంత, తర్వాతి చరణం మొదటి స్వరం చెవిన పడేంత చాలు. బిట్ ఆఖరున చరణం మొదలయ్యే స్వరం మీద వచ్చి నిలబడండి, జనం దాన్ని పట్టుకుంటారు. ఇప్పుడు మీరు ఎక్కడో పైన గిరికీలు కొట్టి ఆపుతున్నారు. చరణం ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక మేమూ వెతుక్కుంటున్నాం, మైకు పట్టుకున్న చెల్లీ వెతుక్కుంటోంది. ప్రభువు బల్ల సమయంలో మాత్రం జనం నడిచి వచ్చేటప్పుడు వాద్యం ఒక్కటే మోగడం బాగుంటుంది. అక్కడ ఎంతసేపైనా వాయించండి, ఆ సమయం మీదే.

మోత సంగతి క్లుప్తంగా చెబుతాం. పౌలు కొరింథీయులకు రాస్తూ, పిల్లనగ్రోవి గానీ వీణ గానీ స్వరాల్లో తేడా తెలిసేలా మోగకపోతే ఏం వాయిస్తున్నారో ఎవరికి తెలుస్తుందని అడుగుతాడు. తర్వాత కొంచెం కిందికి వచ్చి, ఆత్మతో పాడతాను, మనస్సుతో కూడా పాడతాను అనే అర్థం వచ్చేలా చెబుతాడు. మనది రేకుల షెడ్డు. శబ్దం పైకి వెళ్ళి రేకుకు తగిలి తిరిగి వస్తుంది. దాని మీద మిక్సరులో ఎకో పెడితే మాట మీద మాట పడుతుంది. పాడే మనిషికి తన పక్కన పాడే మనిషి గొంతు వినబడాలి. అది వినబడినంతసేపే సంఘం పాడుతుంది. బాక్సుల శబ్దం ఎంత పెట్టాలో కొలత కావాలంటే ఇదే కొలత: వెనక వరసలో నిలబడి చూడండి, ముందువాళ్ళ గొంతులు వినబడుతున్నాయా లేదా.

పెద్దలు కూడా ఒక మాట వినాలి. 1761లో జాన్ వెస్లీ గారు తన సంఘాల పాటల పుస్తకంలో ఎలా పాడాలో కొన్ని సూచనలు అచ్చువేయించారు. అందరూ పాడమన్నారు, సగం నిద్రలో ఉన్నట్టు కాకుండా ధైర్యంగా పాడమన్నారు, పక్కవాళ్ళ గొంతు మునిగిపోయేలా అరవవద్దన్నారు. కాలం తప్పవద్దని, ఈడ్చి పాడే అలవాటు సోమరితనం నుండి వస్తుందని కూడా హెచ్చరించారు. తమ్ముళ్ళు మన పాటను "లాగుడు" అంటున్నది ఊరికే కాదు. కొన్ని పాటలు ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదించి నెమ్మదించి, ఒక చరణానికి రెండు నిమిషాలు పడుతున్నాయి. సంతోషపు పాట కూడా భూస్థాపన పాటలా నడుస్తోంది. మామ్మల గొంతుకు శ్రుతి దించమని తమ్ముళ్ళను అడుగుతున్నాం గనుక, మామ్మలు కూడా తమ్ముళ్ళ కాలం కొంచెం అందుకోవాలి.

ఇదంతా ఎందుకు ఇంత పట్టించుకుంటున్నామంటే, పాట ఆదివారంతో అయిపోదు. మన సంఘంలో ఎవరైనా ప్రభువు దగ్గరకు వెళ్ళినప్పుడు రాత్రంతా ఆ ఇంటి దగ్గర కూర్చునేది ఎవరు? ఈ అమ్మలే. అక్కడ కీబోర్డు ఉండదు, మైకు ఉండదు, ఒక్కోసారి కరెంటు కూడా ఉండదు. భర్త పోయిన మనిషి పక్కన కూర్చుని ఒకామె పల్లవి ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. తెల్లవార్లూ సాగాలి. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీలలు అర్ధరాత్రి పాడినప్పుడు కూడా వాళ్ళ చేతుల్లో వాద్యం లేదు, కాళ్ళకు బొండ ఉంది. అయినా మిగతా ఖైదీలు విన్నారని రాసి ఉంది. ఆ రాత్రికి పనికొచ్చే పాట ఆదివారం నోటికి ఎక్కి ఉండాలి. ఈ రెండేళ్ళలో మనం నేర్చుకున్న కొత్త పాటల్లో ఎన్ని ఆ ఇళ్ళ దగ్గర పాడగలిగాం? మేము వెళ్ళిన ప్రతి చోటా అమ్మలు ముప్పై ఏళ్ళ నాటి పాటలకే తిరిగి వెళ్తున్నారు. కొత్తవాటిలో పల్లవి ఒక్కటే వస్తుంది, చరణం దగ్గర ఆగిపోతున్నారు. ఆ అమ్మల తరం వెళ్ళిపోయాక ఆ రాత్రి ఎవరు పాడతారు? సెల్‌ఫోనులో పాట పెట్టి శవం పక్కన ఉంచడం అప్పుడే కొన్ని ఇళ్ళలో మొదలైంది. మాకు అది చూడలేనంత బాధగా ఉంది.

తమ్ముళ్ళను మేము కోప్పడటం లేదు. మన కీబోర్డు తమ్ముడికి పెళ్ళి ఆర్కెస్ట్రాల వాళ్ళు పిలిస్తే ఒక్క రాత్రికి వచ్చే డబ్బు మనం ఆరు నెలలకు కూడా ఇవ్వలేం. అయినా ఆదివారం ఇక్కడే ఉంటున్నాడు. అతని చేతిలో ఉన్నది దేవుడిచ్చిన నేర్పే. డెబ్భై మంది చేత పాడించే కట్టుబాటు చేయడం స్టూడియో రికార్డును అచ్చం దించడం కన్నా కష్టమైన పని, దానికి ఇంకా ఎక్కువ చెవి కావాలి. మన వాళ్ళకు ఆ చెవి ఉందని మాకు నమ్మకం. సొలొమోను మందిర ప్రతిష్ఠ నాడు బూరలు ఊదిన యాజకులు 120 మంది. వాళ్ళూ పాటగాళ్ళూ కలిసి ఒక్క స్వరంగా వినబడ్డారని, అప్పుడే మందిరం మేఘంతో నిండిందని వాక్యం చెబుతోంది. 120 బూరల మధ్య గాయకుల గొంతు వినబడిందంటే ఆ బూరలు ఊదినవాళ్ళు ఎంత అదుపు నేర్చుకున్నారో ఆలోచించండి.

అందుచేత ఒక మూడు నెలలు ఇలా చేసి చూద్దాం. ప్రతి ఆదివారం ఒక పాట ఆఖరి చరణానికి వాద్యాలన్నీ ఆగిపోతాయి, గొంతులే ఉంటాయి. కానుకల పాట ఏడు లెక్కల పాత కీర్తనల్లోనుండి తీసుకుంటాం, డోలక్, తాళాలు మాత్రమే. కొత్త పాట నెలకు ఒకటి. దాని శ్రుతి ఆదివారం కాదు, శనివారమే తేలిపోవాలి.

శనివారం సాయంత్రం ఏడు గంటలకు ప్రాక్టీసు. ఈసారి పాటల బృందం మాత్రమే వస్తే సరిపోదు, చరణాలన్నీ నోటికి వచ్చిన మామ్మలు ముగ్గురు నలుగురు కావాలి. తిరిగి ఇళ్ళ దగ్గర దింపడానికి ఆటో మాట్లాడాం, చీకటి పడుతుందని వెనకాడవద్దు. డోలక్ కుడివైపు తోలు వదులైపోయింది. బజారు వైపు వెళ్ళేవారు ఎవరైనా ఉంటే శుక్రవారంలోపు మా ఇంటి దగ్గర తీసుకుని బిగించి తెస్తే మేలు, ఖర్చు మేము ఇస్తాం.